కుట్లు వేసే ముందు

"ఆపరేషను సక్సెస్" అన్న మాట వింటే తెలుగు మేష్టరుగా నాకొక సందేహం కలుగుతుంది. ఎన్నాళ్ళకు సక్సెస్?

మా బావగారికి పేగు ఆపరేషను అయినరోజున అందరం ఆ మాట విని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. పదోరోజున కుట్ల దగ్గర చీము పట్టింది. మరో నెల మంచం మీదే. సెలవు అయిపోయింది, సగం జీతమే వచ్చింది, అక్కయ్య గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. ఎవరినీ తప్పు పట్టను. పొట్ట ఆపరేషన్లలో ఇది తరచు వచ్చే చిక్కే. అందుకే పరిశోధకులు థియేటరు తలుపు దగ్గర లెక్క ముగించరు. 30 రోజులు చూస్తారు.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పేగుల నిండా సూక్ష్మజీవులు. పేగు కోసినప్పుడు అవి గ్లోవ్సుకూ, కత్తెరలకూ అంటుకుంటాయి. వాటితోనే పైచర్మం కుడితే?

మా అమ్మ ఆవకాయ జాడీ మూత తీసేముందు చెయ్యి కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని, వేరే పొడిగరిటె తీసుకునేది. 2022లో 'లాన్సెట్' పత్రికలో వెలువడిన పరిశోధన ఇంచుమించు ఈ సూత్రాన్నే పరీక్షించింది. మన దేశంతో పాటు బెనిన్, ఘనా, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికాలలో 13,301 మంది రోగులు. చీట్లు వేసినట్టు కొన్ని ఆసుపత్రులకు పాత పద్ధతి. తక్కినవాటిలో పొట్ట మూసేముందు అందరూ గ్లోవ్సు మార్చుకుని, కొత్త పనిముట్లు అందుకోవాలి. అంతే! పాత పద్ధతిలో నూటికి 18.9 మందికి గాయం చీము పట్టగా, మార్చినచోట 16.0 మందికే పట్టింది.

"ఇంతా చేసి నూటికి ముగ్గురేనా?" అంటారేమో. ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటివాళ్ళయితే అది గాజుల లెక్క. పైగా దీనికి కొత్త మందు అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు.

డాక్టర్ల పని డాక్టర్లది. ఇంటికి వచ్చాక ఆ నెల కాపలా మనది. కుట్లు ఎర్రబడినా, నొప్పి పెరిగినా, రసి కారినా, జ్వరం తగిలినా, "కుట్లన్నాక ఆమాత్రం ఉండదా" అని ధైర్యం చెప్పే చుట్టం ఒకరు తప్పక ఉంటారు. వారికి మంచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీరు మాత్రం వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.