ఫ్యాన్ హౌస్ మిగిలింది, పేర్లు మిగిలాయా?

వేల్స్ దేశంలో రోండా లోయ ఉంది. అక్కడి ట్రెహాఫోడ్ ఊళ్లో లూయిస్ మెర్తిర్ అనే బొగ్గు గని 1983లో పని ఆపేసింది. ఇప్పుడది మ్యూజియం. అందులో పాత ఫ్యాన్ హౌస్‌ను కూడా కాపాడుకున్నారు. గని లోపలి చెడుగాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను ఉండే ఇల్లు అది. ఫ్యాను ఆగితే లోపల మీథేన్ పేరుకుంటుంది. ఆపైన ఒక్క నిప్పురవ్వ చాలు.

కాపాడటం మంచి పనే. కానీ గోడలు దాస్తే చరిత్ర దాచినట్టేనా?

అదే కంపెనీకి సెంఘెనిడ్ ఊళ్లో ఇంకో గని ఉండేది. 1901లో అక్కడ పేలుడు జరిగి 81 మంది చనిపోయారు. అవసరమైతే గాలిని ఎదురు దిక్కుకు తిప్పే ఏర్పాటు గనుల్లో ఉండాలని 1911లో చట్టం చేశారు. గడువు దాటినా ఆ గనిలో ఏర్పాటు చేయలేదు. 1913 అక్టోబరు 14న మళ్లీ పేలింది. 439 మంది కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఇంకొకరు చనిపోయారు. మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా పడింది. మేనేజరు కట్టిన సొమ్మును పంచి చూడండి. ఒక్కో ప్రాణానికి ఒక షిల్లింగు పైచిలుకు!

కంపెనీ పేరు గని మీద నిలిచింది. చనిపోయినవాళ్లకు సెంఘెనిడ్‌లో జాతీయ స్మారకం రావడానికి 2013 దాకా వందేళ్లు పట్టింది. అయినా వచ్చింది. ఎందుకంటే ఆ ఊరు మరిచిపోలేదు.

మరి మన సంగతి? ఇల్లందు ప్రాంతంలో 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనుక్కున్నాడని బడిలో చెప్తాం. అప్పటికే ఆ అడవిలో బతుకుతున్న కోయల గురించి ఎంత చెప్తున్నాం? బొగ్గుకు పుట్టినరోజు ఉంది, మన గూడేలకు లేదా?

భూగర్భ గని మూతపడితే కనీసం ఒక ఫ్యాన్ హౌస్ మిగలొచ్చు. ఓపెన్‌కాస్టుకు ఫ్యాన్ హౌస్ అక్కర్లేదు. దాని దారిలో ఊరుంటే ఊరూ అక్కర్లేదు. ఊరితో పాటు గుడి, చెరువు, చింతచెట్టు పోతాయి. దాచడానికి గోడ కూడా మిగలదు. కాబట్టి మనం దాచాల్సింది ముందు మాటనే.

టీచర్లూ, పిల్లలతో తాతల దగ్గరికి వెళ్లండి. పోయిన ఊరి పేరు, వాగు పేరు, బాయిలో దిగి తిరిగి రానివాడి పేరు రాయించండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు ఎవరైనా మన దగ్గర గని మ్యూజియం కడితే, గుమ్మంలోనే అడగండి: యంత్రం సరే, మనుషులేరి?