అసలుది ఎవరికాడుంది?

మొన్న ఆదివారం మా మేనత్త వచ్చి, గోడమీది బొమ్మకేసి కాసేపు చూసి అడిగింది: "ఇది అచ్చు కదరా. మరి అసలుదేదీ? ఎవరికాడుంది?"

అది నేను చేసిన లినోకట్. బాగాన్ దాతుక్ వైపు ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదమీద గెంతే చేపలుంటాయి. మలయ్‌లో బెలాచక్ అంటారు. గుడ్లు నెత్తిమీద పెట్టుకుని, నీళ్ళలో ఉండాలో నేలమీద ఉండాలో తేల్చుకోలేనట్టు చూస్తాయి. తెలుక్ ఇంటాన్‌లో మా వంటింటి బల్లమీద, నాలుగు ఆదివారాలు కూర్చుని దాన్ని లినోలియం ముక్కలో చెక్కాను. ప్రెస్ లేదు. సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో రుద్దడమే. కుడివైపు గెంతాలని చెక్కిన చేప కాగితం మీద ఎడమవైపు గెంతింది. కన్ను దగ్గర ఉలి జారింది. మా ఉద్యోగాల్లో ఇలాంటి తప్పుకి రెండు మీటలు నొక్కితే సరిపోతుంది, ఇక్కడ పోయింది పోయినట్టే.

మొత్తం పది తీశాను. కింద పెన్సిల్‌తో 3/10 అని రాసుండటం చూసే అత్తకి అనుమానం.

ఒకప్పుడు నాదీ అదే అనుమానం. పెయింటింగ్‌ని ఫోటో తీసి అచ్చేసి అమ్మేదాన్నీ ప్రింట్ అనే అంటారు, దానికి అసలుది వేరే చోట ఉంటుంది. నా చేపకి అలా ఎక్కడా లేదు. లినోలియం మీద ఉన్నవి గాడులు. చేప మొదటిసారి కనిపించేది కాగితం మీదే, పదిసార్లూ.

ఈ సంగతి నాకు తలకెక్కింది కృష్ణారెడ్డి గారి ప్రింట్లు చూశాక. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్‌లో హేటర్ గారి అటెలియర్ 17కి చేరిన మనిషి. శిల్పి కూడా. అందుకేనేమో లోహపు రేకుని రాయిని తొలిచినట్టు ఎత్తుపల్లాలుగా తొలిచారు. పురుగు, చేప, జెల్లీఫిష్ — ఆయన ప్రింట్ల పేర్లే ఇవి. 1963 నాటి 'వర్ల్‌పూల్' చూడండి, సుడి పక్కన నిలబడి చూస్తున్నట్టుండదు, అందులో మనమూ తిరుగుతుంటాం.

రంగుల సంగతి ఇంకా చిత్రం. మామూలుగా రంగుకో రేకు చొప్పున కావాలి. ఆయనా, కైకో మోతీ అనే మరో భారతీయుడూ అక్కడ పనిచేస్తూ రూపుదిద్దిన పద్ధతిలో రేకు ఒక్కటే. కిటుకంతా సిరాలో కలిపే అవిసెనూనె పాళ్ళలో ఉంది. నూనె ఎక్కువున్న సిరాని గట్టి రోలర్‌తో ఎత్తుల మీద పూస్తారు. తర్వాత చిక్కటి సిరాని మెత్తటి రోలర్‌తో పల్లాల్లోకి దింపుతారు. ఆ చిక్కటిది నూనె సిరా మీదుగా పోయినా దానికి అంటదు. రంగులన్నీ ఒక్కసారే కాగితం మీదికొస్తాయి. ఇక ఏ రెండు కాగితాలూ అచ్చం ఒకేలా ఎలా ఉంటాయి? 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. మన ఇళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరంటారు?

ఇదంతా అత్తకి చెప్పలేదు. ఆవిడ ప్రశ్నకి వేరే మూలం ఉందని నాకు తెలుసు. మావాళ్ళు శ్రీకాకుళం నించి ఇక్కడి కొబ్బరి తోటల్లోకి వచ్చి మూడు తరాలైంది. ఆమధ్య పెళ్ళికి వైజాగ్ నించి వచ్చిన చుట్టం ఒకాయన, మీది అసలు తెలుగులా లేదండీ అని నవ్వాడు. అత్త ఆ పూట మరి మాట్లాడలేదు.

"పదీ అసలువే అత్తా, నీకేది కావాలో తీసుకో," అన్నాను. పదీ బల్లమీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, తోక దగ్గర సిరా ఎక్కువై నల్లగా ముద్దకట్టిన ఏడోది తీసుకుంది. నేను పారేద్దామనుకున్నది అదే.

"ఇది బురదలోంచి ఇప్పుడే లేచినట్టుంది," అంది.

పది అయ్యాక మళ్ళీ అచ్చు తీయకుండా చెక్కినదాని మీద అడ్డంగా ఒక గీత కోసెయ్యాలి, అది ఆనవాయితీ. ఉలి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. లినోలియం ముక్క ఇంకా సొరుగులోనే ఉంది.