భోగి సాయంత్రం నాలుగున్నరకి

2025లో భోగి సోమవారం పడింది. ఆ సాయంత్రం రాజమండ్రిలో మా టీమ్ కుర్రాడి ఇంట్లో పాపకి భోగిపళ్లు పోస్తున్నారు. పీటేసి కూర్చోబెట్టారు. రేగిపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర, పూలరెక్కలు కలిపిన పళ్లెం సిద్ధంగా ఉంది. పేరంటాళ్లు కూడా వచ్చేశారు. సరిగ్గా నాలుగున్నరకి ఆ అబ్బాయి ఫోన్ మోగింది. ‘మీ టికెట్ గడువు దాటింది’ అని మెసేజ్. ఆ వెంటనే ఇంకోటి, మేనేజర్‌కి కూడా కాపీ వెళ్తూ. పాప తలమీద మొదటి దోసిలి పడేసరికి వాళ్ల నాన్న పక్కగదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.

ఆ రోజు మా ఆఫీసుకి సెలవే. అతను నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇవాళ సెలవని నేనేమన్నా పొరబడ్డానా?" అని అడిగాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అతను పొరబడలేదు. కస్టమర్ల ఫిర్యాదుల్ని టికెట్లుగా చూసుకోవడానికి మేం వాడే సాఫ్ట్‌వేర్‌కి భోగి ఉందని ఎవరూ చెప్పలేదు.

లెక్క చెప్తాను, కాగితం కూడా అక్కర్లేదు. మా పనివేళలు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, మధ్యలో ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా భోజనం. అంటే రోజుకి 8 పనిగంటలు. కస్టమర్‌తో మా ఒప్పందం కూడా టికెట్ వచ్చాక 8 పనిగంటల్లో సమాధానం చెప్పాలని. ఆ టికెట్ జనవరి 10, శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి వచ్చింది. ఆ రోజు రెండు గంటలు గడిచాయి, ఇంకా ఆరు మిగిలాయి. శని, ఆదివారాలు సెలవని సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. సోమవారం మామూలు రోజే అనుకుంది. పొద్దున నాలుగు గంటలు, భోజనం తర్వాత రెండు గంటలు లెక్కేసుకుని నాలుగున్నరకి గంట కొట్టింది. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ అందులో ఎక్కించి ఉంటే అదే టికెట్ గడువు 16వ తేదీ గురువారం సాయంత్రం నాలుగున్నర. అసలు పనివేళలే పెట్టకుండా ఇరవైనాలుగు గంటల కేలెండర్ వదిలేస్తే శుక్రవారం అర్ధరాత్రి దాటిన అరగంటకే గడువు తీరిపోయేది. టికెట్ అదే, మనిషి అదే. కేలెండర్ మారితే మూడు గడువులు.

అందుకే ఎవరైనా కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నామంటే నేను ముందు అడిగేది ఒక్కటే: కేలెండర్ ఎవరు నింపుతున్నారు? చాలాచోట్ల ఎవరూ నింపరు. కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే ఉంచేస్తారు. ఆ వచ్చేదేమో సోమవారం నుంచి శుక్రవారం దాకా పని, పండగల జాబితా ఖాళీ.

ప్రాజెక్టు ప్లాన్లు వేసేవాళ్లకైతే ఇంకో చిక్కు. మా తమ్ముడు సివిల్ ఇంజనీరు, అపార్ట్‌మెంట్ల పని చూస్తాడు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో సైట్ పనివేళలు రోజుకి 10 గంటలని మార్చాడు. మార్చాక చూస్తే 5 రోజుల పనులన్నీ 4 రోజుల్లో అయిపోతున్నట్టు చూపిస్తోంది. మేస్త్రీకి చూపిస్తే, "బాబూ, ఇదెలా కుదురుద్ది?" అన్నాట్ట. మేస్త్రీ మాటే నిజం. ఆ సాఫ్ట్‌వేర్‌లో ‘రోజు’ అంటే ఎన్ని గంటలో చెప్పే సెట్టింగ్ ఒకటి వేరే ఉంటుంది. మనం మార్చకపోతే అది 8 దగ్గరే ఉంటుంది. 5 రోజులంటే 40 గంటలని లెక్కేసుకుని, రోజుకి 10 చొప్పున నాలుగు రోజుల్లో సర్దేస్తుంది. కేలెండర్‌లో వేళలు మార్చిన చేత్తోనే ఆ సెట్టింగ్ కూడా మార్చాలి.

వాడి దగ్గరే నేర్చుకున్న ఇంకో మంచి సంగతి క్యూరింగ్. స్లాబ్ పోశాక మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలని ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం చెప్తుంది. కాంక్రీటు ఆదివారం సెలవు తీసుకోదు, పండగక్కూడా గట్టిపడుతూనే ఉంటుంది. ఆ పనిని మామూలు ‘7 రోజులు’ అని రాస్తే సాఫ్ట్‌వేర్ మధ్యలో వచ్చే సెలవులన్నీ తీసేసి పది రోజుల దాకా లాగేస్తుంది. అందుకని 7 పక్కన ‘ఈడీ’ అక్షరాలు కొట్టాలి. అప్పుడు సెలవులతో పని లేకుండా గడియారం లెక్కన పోతుంది. కానీ ఆ స్లాబ్‌కి నీళ్లు పట్టే మనిషి? ఆ మనిషికి పండగ ఉంది. ఆ వారంలో ఎవరు వస్తారో, వాళ్ల బదులు సెలవు ఏరోజో మా తమ్ముడు ముందే రాసిపెడతాడు. వాడిలో నాకు బాగా నచ్చేది అదే.

సరే, సెలవుల దగ్గరికొద్దాం. ఎక్కించేటప్పుడు ‘ప్రతి ఏడూ ఇదే తేదీ’ అని ఒక టిక్కు ఉంటుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, వీటికి నిశ్చింతగా కొట్టొచ్చు. తెలంగాణ వాళ్లు జూన్ 2కి కొట్టొచ్చు. ఉగాదికి మాత్రం కొట్టకూడదు. అది 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19కి జరిగింది. మన పండగలు చాలావరకు తిథిని బట్టి నడుస్తాయి కాబట్టి ఏడాదికోసారి పంచాంగమో ప్రభుత్వ జాబితానో ముందు పెట్టుకుని కొత్తగా ఎక్కించాల్సిందే. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి కదా, దానికి టిక్కు కొట్టేద్దామనుకుంటారు. అది కూడా 2024లో జనవరి 15, 2025లో 14. రంజాన్, బక్రీద్‌లకి నెలవంక కనపడాలి. 2025లో గల్ఫ్‌లో చాలాచోట్ల మార్చి 30న ఈద్ చేసుకుంటే మనకి 31న అయింది. దుబాయ్‌లో పనిచేసే కరీంనగర్ అబ్బాయికీ కరీంనగర్‌లో వాళ్ల అన్నకీ ఒకే పండగ రెండు తేదీల్లో. అలాంటివాటిని ముందు తాత్కాలికంగా పెట్టి, ప్రకటన రాగానే సరిచేసే మనిషి ఒకరుండాలి.

ఒకే రోజు రెండు పండగలు పడటం ఇంకో రకం. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. జాబితాలో రెండు వరసలు ఉన్నాయని రెండు రోజులు తీసేసే ప్రోగ్రాము నేను చూశాను. ఆ నెల జీతాల లెక్క తేడా కొట్టింది. వరసల్ని కాకుండా తేదీల్ని లెక్కపెట్టమని రాయాలి. చిన్న సవరణే, కానీ జీతం తగ్గిన మనిషికి చిన్నది కాదు.

రెండు రాష్ట్రాల్లో ఆఫీసులుంటే ఒక కేలెండర్‌తో కుదరదు. కనుమ ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ సెలవు, తెలంగాణలో ఐచ్ఛికం. క్రిస్మస్ మర్నాడు తెలంగాణలో సాధారణం, ఆంధ్రాలో ఐచ్ఛికం. బతుకమ్మ మొదలయ్యే రోజు, బోనాలు తెలంగాణ జాబితాలోనే ఉంటాయి. దేశమంతటికీ ఉన్న సెలవులతో ఒక తల్లి కేలెండర్ పెట్టి, దాని కింద హైదరాబాదుకొకటి, విజయవాడకొకటి పిల్ల కేలెండర్లు పెట్టుకుంటే ఏటా పని సులువు. ఇక ఐచ్ఛిక సెలవుని ఆఫీసు కేలెండర్‌లో పెట్టకూడదు. అది తీసుకున్న మనిషి కేలెండర్‌లో పెట్టాలి.

శనివారాల గొడవ ఒకటుంది. ఎక్సెల్‌లో పనిరోజులు లెక్కపెట్టడానికి నెట్‌వర్క్‌డేస్ ఉంది కదా, అది శని, ఆదివారాలు రెండూ తీసేస్తుంది. వారానికి ఆరు రోజులు తెరిచే కొట్టుకో కార్ఖానాకో అది పనికిరాదు. దాని చివర ఐఎన్‌టీఎల్ చేర్చిన రెండో ఫంక్షన్ వాడి, వారాంతం దగ్గర 11 అని ఇస్తే ఆదివారం ఒక్కటే తీస్తుంది. 7 అని ఇస్తే శుక్ర, శనివారాలు తీస్తుంది, కువైట్ లెక్కలు చూసేవాళ్లకి అది కావాలి. కానీ రెండో శనివారం ఒక్కటే సెలవని చెప్పడానికి అందులో అంకె లేదు. ఏడాదిలో 12 రెండో శనివారాల తేదీలూ రాసుకుని సెలవుల జాబితాలో కలుపుకోవాలి. బ్యాంకులకైతే 2015 సెప్టెంబరు నుంచి నాలుగోది కూడా. దీనికి వ్యతిరేకమైన కేసూ ఉంది. తెలంగాణ ప్రభుత్వం కొన్నేళ్లలో జనవరి 1 సెలవిచ్చి, దానికి బదులు ఫిబ్రవరిలో రెండో శనివారం పనిదినం చేసింది. సాఫ్ట్‌వేర్‌లో ‘సెలవు’ అన్న అర ఒక్కటే ఉండి, ‘ఈ ఒక్కరోజు మాత్రం పని’ అనే అర లేకపోతే అక్కడ ఆగిపోతాం. కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

రాత్రి షిఫ్టుల సంగతి త్వరగా చెప్పేస్తాను. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే చలికాలంలో మనకి రాత్రి ఏడున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం తిప్పగానే ఆరున్నర అయిపోతుంది. కాబట్టి వాళ్లకోసం పనిచేసే కేలెండర్‌కి న్యూయార్క్ టైమే పెట్టాలి. మన టైమ్ పెట్టి గంటలు తిప్పుకుంటూ కూర్చుంటే ఏడాదికి రెండుసార్లు గంట తేడా తప్పదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇంకోటుంది. గడువు రోజే సెలవైతే ముందుకి జరపాలా, వెనక్కి జరపాలా? దీనికి మన చట్టాల్లోనే రెండు జవాబులున్నాయి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం ప్రామిసరీ నోటు గడువు సెలవురోజున పడితే దానికి ముందున్న పనిదినానికే తీరినట్టు లెక్క. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో, కోర్టులోనో ఆఫీసులోనో ఒక పని చెయ్యాల్సిన ఆఖరి రోజు అది మూసుంటే, మళ్లీ తెరిచిన రోజు చేసినా చెల్లుతుంది. ఒకటి డబ్బు రావాల్సినవాణ్ని కాస్తుంది, రెండోది కాగితం పట్టుకుని మూసిన తలుపు దగ్గర నిలబడ్డవాణ్ని కాస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇదే ప్రశ్న ‘ముందు పనిదినం’, ‘తర్వాత పనిదినం’ అని చిన్న ఎంపికలా కనపడుతుంది. ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోతాం. అక్కడ ఒక్క నిమిషం ఆగి, ఈ గడువు ఎవరిని కాయాలో ఆలోచించి నొక్కండి. జీతాల తేదీకి నేనెప్పుడూ ‘ముందు’ అనే పెడతాను. ఒకటో తారీఖు ఆదివారమైతే శుక్రవారమో శనివారమో జీతం పడాలి, ఇంటద్దె సోమవారం దాకా ఆగదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రోజంతా, అన్ని రోజులూ నడుస్తోంది కాబట్టి బ్యాంకు మూసుందన్న సాకు కూడా ఇప్పుడు లేదు.

ఆ భోగి తర్వాత మా ఆఫీసులో ఈ పని నేను అడిగి తీసుకున్నాను. డిసెంబరులో రెండు ప్రభుత్వాల జాబితాలూ ముందేసుకుని కూర్చుంటాను. ఎక్కించాక ఆ కాగితం పట్టుకుని అందరి దగ్గరికీ ఒకసారి వెళ్తాను. పోయిన డిసెంబరులో రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి, "మేడమ్, గుడ్ ఫ్రైడే పెట్టారా?" అని అడిగింది. పెట్టాను. వరస మీద వేలుపెట్టి చూపించాను.

ఆఖర్న ఒక ఉత్తుత్తి టికెట్ వేస్తాను. పండగ ముందు శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకి. గడువు ఎప్పుడు రావాలో ముందే కాగితం మీద రాసుకుంటాను. 2025 తేదీలతో వేసి చూసినప్పుడు స్క్రీన్ మీద 16, గురువారం, నాలుగున్నర అని వచ్చింది. దాన్ని ఫొటో తీసి రాజమండ్రి అబ్బాయికి పంపాను. వాళ్ల పాప భోగిపళ్ల ఫొటో తిరిగి పంపాడు, జుట్టులో ఇంకా ఒక బంతిరెక్క ఉంది.