ముందు వరసలో కుర్చీ

క్రిస్మస్‌కు ముందు, శ్రమల దినాల్లో చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా సువార్త సభల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ప్రసంగీకుడి నిలువెత్తు ఫోటో, కింద బిరుదులు, ఎక్కడో ఒక మూల యేసుక్రీస్తు నామం! అతిథి సినిమా మనిషైతే ఫోటో ఇంకా పెద్దది. 2004లో ‘ఆనంద్’తో ఇంటింటికీ తెలిసిన నటుడు రాజా ఆ తర్వాత సినిమాలు వదిలి పాస్టరయ్యారు. ఆయన పిలుపును మేము శంకించడం లేదు. మా ప్రశ్న విశ్వాసులమైన మన గురించే. ఒక ఆటో డ్రైవర్ మారుమనస్సు పొందితే ఒక్క ‘ఆమెన్’తో సరిపెట్టే సంఘం, ఒక నటుడు ప్రభువును నమ్మితే పండుగ చేసుకుంటుందెందుకు? పరలోకంలో కలిగే సంతోషం ఇద్దరి విషయంలోనూ ఒక్కటే కదా (లూకా 15:7)!

ఈ ఆకలికి కారణం లేకపోలేదు. ఊరి చివర పేటల్లో, పూరిపాకల్లో ఆరాధించుకున్న తరాలు మనవి. 1978లో ‘కరుణామయుడు’ వచ్చినప్పుడు ప్రభువు వెండితెర మీద తెలుగులో మాట్లాడుతుంటే ఆ తరం పొంగిపోయింది. పల్లెపల్లెనా తెర కట్టి ఆ సినిమా చూపించారు. యేసు పాత్ర వేసిన విజయచందర్‌లోనే ప్రభువును చూసుకున్నవారెందరో! అదే నటుడు 1986లో షిర్డీ సాయిబాబాగా కనిపిస్తే ఆ భక్తులూ అలాగే చూసుకున్నారు. ఇందులో నటుడి తప్పేమీ లేదు, ఆయన తన వృత్తి తాను చేశారు. సువార్తను ఒక ముఖానికి ముడివేసుకుంటే మాత్రం, ఆ ముఖం రేపు మరో పాత్రకు వెళ్లిపోతుంది.

కపెర్నహూములో అందరూ తన కోసం వెదకుతున్నారని పేతురు వచ్చి చెబితే యేసు ఆ జనం దగ్గరికి తిరిగి వెళ్లలేదు, పక్క ఊళ్లకు బయల్దేరాడు (మార్కు 1:35-38). లుస్త్రలో పౌలు, బర్నబాలను దేవతలని ఎంచి ఎడ్లను, పూదండలను తెచ్చిన జనం, బయటి నుంచి వచ్చినవారి మాటలకు ఇట్టే లొంగిపోయారు. పౌలు మీద రాళ్లు పడ్డాయి. చనిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు (అపొ.కా. 14:11-19).

మాకు ఎక్కువ దిగులు కలిగించేది ఆ ప్రసిద్ధుడి ఆత్మ సంగతే. నిన్న బాప్తిస్మం పొందినవాడికి ఇవాళ మైకు ఇస్తాం. వాక్యం చదవడం అలవాటు కాకముందే సాక్ష్యం చెప్పడం అలవాటవుతుంది. చప్పట్లు పడిన చోట సాక్ష్యం కాస్త పొడుగవుతుంది కూడా! కొత్తగా చేరినవాడు గర్వాంధుడై పడిపోతాడని, సంఘ అధ్యక్షత అప్పగించవద్దని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 3:6). అతడు పడిపోయిన రోజున ఫ్లెక్సీ కట్టినవారెవరూ పక్కన ఉండరు, కెమెరాలు మాత్రం ఉంటాయి.

మన నగరంలోనే గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో ఇంజనీరింగ్ చదివిన భక్త్ సింగ్ దశాబ్దాలపాటు అక్కడి నుంచే పరిచర్య చేశారు. చివరి ఏళ్లు మంచానికే పరిమితమై 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి చేరారు. అంత్యక్రియలకు వేలాదిమంది తరలివచ్చారు. ఆయన ప్రసిద్ధుడు కాడని ఎవరంటారు? అయినా ఆయన కట్టిన సహవాసాల్లో అందరూ నేల మీదే కూర్చునేవారు. ప్రేమవిందులోనూ అధికారికి, కూలీకి పంక్తి ఒక్కటే.

రేపు మా సంఘానికి పేరున్న మనిషి ఎవరైనా వస్తే ముందు వరసలో కుర్చీ వేయబోమని, ఏడాదిపాటు మైకు ఇవ్వబోమని, బుధవారం బైబిల్ స్టడీలో అందరి మధ్యే చోటిస్తామని సంఘ పెద్దలతో చెప్పాం. ఒకరిద్దరికి అది నచ్చలేదు. వారితో ఇంకా మాట్లాడుతున్నాం.