కాలువ కట్ట మీద సైకిల్‌కు చోటివ్వండి

శివరాత్రి దాటి కాముని పున్నమ వచ్చేసరికి ఆదిలాబాద్ అడవుల్లో మోదుగు విరగబూస్తుంది. ఆ వెనకే ఇప్ప పువ్వు రాలడం మొదలవుతుంది. ఉత్తర తెలంగాణలో సైకిల్ తొక్కేవాళ్లకు వసంతమంటే ఈ కొద్ది వారాలే. ఉగాది వెళ్లిందంటే పొద్దున తొమ్మిదికే రోడ్డు సెగలు కక్కుతుంది.

పర్యాటకం అనగానే మన అధికారులకు కుంతాల జలపాతం గుర్తొస్తుంది. దాని వైభవమంతా వానకాలంలోనే. ఫాల్గుణం నాటికి అక్కడ మిగిలేది బండలు, సన్నటి ధార. టేకు అడవీ అప్పటికి ఆకు రాల్చి, నీడ ఇవ్వలేని స్థితిలో ఉంటుంది. అయినా గుడిహత్నూర్ నుంచి ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు దాకా, ముత్నూరు దగ్గర కేస్లాపూర్ నాగోబా గుడివైపు తిరిగే దారిలో, కెరమెరి ఘాట్‌లో తెల్లవారుజామున తొక్కితే ఆ మోదుగుల కోసమే మళ్లీ రావాలనిపిస్తుంది. ఇవన్నీ జనం నడిచే రోడ్లు. అక్కడితో ఆగాలి. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ లోపలి బాటల్ని సైకిళ్లకు తెరవాలన్న ఉత్సాహం నాకు లేదు. 2020లోనూ 2024లోనూ ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడికి మనుషులు బలయ్యారు. తెల్లారకముందే ఇప్ప పువ్వు ఏరడానికి వెళ్లే ఆదివాసులకు అడవి బతుకుదెరువు. మనకది సెలవురోజు సరదా.

మరి సైకిళ్లకు చోటెక్కడ? కాలువ కట్ట మీద. పోచంపాడు దగ్గర బయల్దేరే కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం దాటి, కరీంనగర్ లోయర్ మానేరు జలాశయంలోకి వచ్చి, మళ్లీ వరంగల్ వైపు సాగిపోతుంది. మొత్తం పొడవు 284 కిలోమీటర్లు. ఘాట్లు లేవు, ఎత్తుపల్లాలు తక్కువ. మోదుగు పూసే వేళకే యాసంగి వరికి వదిలిన నీళ్లు కాలువలో పారుతుంటాయి. ఆ రోజుల్లోనే మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల్లో పసుపు ఉడకబెడుతుంటారు, వాసన ఊరవతలి దాకా వస్తుంది. సిమెంటుతో ఏ సుందరీకరణ పథకమూ ఇంతటి దృశ్యాన్ని కట్టలేదు.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను సౌరఫలకాల కప్పుతో 2023లో ప్రారంభించారు. మంచిదే. దక్షిణ కొరియా మాత్రం ఎక్కువగా నదీ తీరాలనే పట్టుకుని ఇంచియాన్ నుంచి బుసాన్ దాకా 633 కిలోమీటర్ల బాటను 2012కల్లా కలిపేసింది. మన జిల్లాలకు ఈ రెండో దారే నయం.

సైకిల్ ఇక్కడ పట్నం నుంచి దిగిన మోజు కాదు. గోదావరిఖనిలో తరాల తరబడి సింగరేణి కార్మికులు టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని షిఫ్టులకు పోయింది సైకిళ్ల మీదే. కట్ట బాగుపడితే బడికి పోయే పిల్లలకూ పొలానికి పోయే రైతుకూ అక్కరకొస్తుంది.

నీటిపారుదల శాఖ జంకుకు కారణం లేకపోలేదు. కాకతీయ కాలువలో కార్లు పడిన వార్తలు చదివినవాళ్లమే. అందుకే మొత్తం కాలువ అడగడం లేదు. మానేరు జలాశయానికి ఎగువన పది పదిహేను కిలోమీటర్ల ముక్క చాలు. మలుపుల దగ్గర, వంతెనల దగ్గర కంచె వేసి, తాగునీళ్లు పెట్టి, శివరాత్రి నుంచి ఉగాది వరకు పొద్దున మూడు గంటలు కార్లను ఆపాలి. రైతు ట్రాక్టరుకు మాత్రం అడ్డు చెప్పకూడదు. యాసంగి నీటి విడుదల తేదీలను ఎలాగూ ముందే ప్రకటిస్తారు కాబట్టి, ఆ ప్రకటనలోనే ఈ వేళలూ చేర్చవచ్చు.