మన పాట ఎక్కడ మోగాలో చెప్పేదెవరు?

ఏ డబ్బాలో ఏ పప్పు ఉందో చీకట్లో కూడా చెప్పగలం. గ్యాస్ రెగ్యులేటర్ మార్చగలం, కుక్కర్ గాస్కెట్ మార్చగలం. కంప్యూటర్లో ఒక పాట మీద నొక్కితే అది ఎందులో తెరుచుకోవాలి అన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అబ్బాయి వచ్చాక చూస్తాడులే" అంటాం. మా లాలాగూడ రైల్వే క్వార్టర్స్ వైపు ఉన్న స్నేహితురాళ్ళలో కనీసం నలుగురి నోట ఈ మాట విన్నాను. అబ్బాయిలేమో పూణేలోనో బెంగళూరులోనో ఉంటారు, సంక్రాంతికి వస్తారు. అప్పటిదాకా ఆ పాట అలా మూగగా కూర్చోవాలన్నమాట. నాకిది అస్సలు నచ్చదండీ.

అసలు జరిగేది చాలా చిన్న విషయం. మనం బ్రౌజర్‌లో ఒక ఆడియో లింకు నొక్కగానే, అవతలి సర్వరు ఆ ఫైలుతో పాటు "ఇది ఫలానా రకం" అని ఒక చీటీ పంపిస్తుంది. ఆ చీటీ చూసి బ్రౌజర్ నిర్ణయించుకుంటుంది: తనే పాడాలా, పక్కనున్న ప్లేయర్‌కి అప్పగించాలా, లేక డౌన్‌లోడ్ చేసి పెట్టాలా అని. ఒకప్పుడు బ్రౌజర్లకి సొంతంగా పాడటం రాదు. ఒక్కో ప్లేయర్ వాళ్ళు ప్లగిన్ అని ఒక తోకని తెచ్చి తగిలించేవారు. ఏ ప్లేయర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అది పాత ప్లేయర్ చేతిలోని ఫైళ్ళన్నీ లాక్కునేది, కొత్త కాపురానికి వచ్చీ రాగానే తాళాలగుత్తి అడిగిన చందంగా. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ పాత రకం ప్లగిన్లకి సెలవిచ్చేశాయి (ఫ్లాష్ ఒక్కటి ఇంకొన్నాళ్ళు బతికింది). ఇప్పుడు ఎంపీ3 లాంటివి బ్రౌజరే తన ట్యాబులో పాడేస్తుంది. ఒకసారి విని వదిలేసే పాటకి అంతకన్నా అక్కర్లేదు కూడా.

చిక్కల్లా దాచుకోవాల్సిన వాటితోనే.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. తను వాట్సాప్‌లో నాకు పంపిన వాయిస్ మెసేజీలు ముప్పై పైచిలుకు ఉన్నాయి. మాగాయ ముక్కలు ఎన్నాళ్ళు ఉప్పులో ఊరాలి, ఊటని విడిగా ఎందుకు ఎండలో పెట్టాలి, మెంతిపిండి ఎప్పుడు కలపాలి, మధ్యలో మా నాన్నగారి మీద రెండు చాడీలు. ఫోన్ పోతే అవీ పోతాయని కంప్యూటర్లోకి దించుకున్నాను. అవి ఎంపీ3లు కావు, ఓజీజీ అనే రకం. రెండుసార్లు నొక్కితే ఏదో ఒక ప్లేయర్ తెరుచుకుని, "ముందు ఖాతా తెరవండి, మా పాటల చందా కట్టండి" అంది. మా అమ్మ గొంతు నేను వినడానికి వాళ్ళకి చందా ఎందుకు కట్టాలండీ? ఆ ప్లేయర్ ఎప్పుడొచ్చిందో, ఎవరు రమ్మన్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మావారేమో "ఫోన్లోనే వినొచ్చుగా, అది డిఫాల్ట్ సెట్టింగు, కదపకు" అన్నారు.

ఈ డిఫాల్ట్ అనే మాటొకటి! బ్యాంకు వాళ్ళ భాషలో డిఫాల్ట్ అంటే బాకీ ఎగ్గొట్టడం. కంప్యూటర్ వాళ్ళ భాషలో, మనం ఏమీ చెప్పనప్పుడు అది చేసే పని. తెలుగులో 'అప్రమేయం' అంటున్నారు గానీ, బీఏ తెలుగు చదివిన నాకే అది నోట్లో తిరగదు. ఇంటి భాషలో 'ఆనవాయితీ' అంటే చాలు. పెద్దకోడలే ముందు లేవాలి లాంటిది. ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పలేరు, మార్చబోతే మాత్రం అందరూ అడ్డొస్తారు.

ఇదంత చిన్న విషయమా అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. విండోస్‌తో పాటు మీడియా ప్లేయర్‌ని కూడా జనానికి అంటగడుతున్నారన్నది అందులో ఒక ముఖ్యమైన అభియోగం. ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మమన్నారు, 2007లో కోర్టు కూడా ఆ తీర్పుని నిలబెట్టింది. ఆ విండోస్ పేరు చివర 'ఎన్' అని పెట్టి అదే ధరకి అమ్మితే, అడిగి కొన్నవాళ్ళు బహు తక్కువ. నాకు అర్థమైంది ఏమిటంటే, ఎంచుకునే హక్కు ఎంత పెద్ద కోర్టు ఇచ్చినా, ఆ మీట ఎక్కడుందో మనకి తెలియకపోతే అది అటకమీది ఇత్తడి బిందే.

మీట ఎక్కడుందో చెప్తాను. ఫైలు మీద కుడి బటన్ నొక్కండి. 'ఓపెన్ విత్' అని వస్తుంది, అందులో 'చూజ్ అనదర్ యాప్'. మీకు కావలసిన ప్లేయర్ ఎంచుకుని, విండోస్ 10లో అయితే కింద 'ఆల్వేస్' అని ఉన్న గడిలో టిక్కు పెట్టండి. 11లో అయితే 'ఆల్వేస్' అనే బటన్ నొక్కండి. అంతే. ఒక్కో రకానికి విడిగా చెప్పాలి. ఎంపీ3కి చెబితే ఓజీజీకి చెప్పినట్టు కాదు. బ్రౌజర్‌లో తెరుచుకునే పాటని మీ ప్లేయర్‌లోనే వినాలంటే, లింకు మీద కుడి బటన్ నొక్కి 'సేవ్ లింక్ యాజ్' తో దించుకుని తెరవండి. నేను వీఎల్‌సీ పెట్టుకున్నాను. 1996లో పారిస్‌లో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టింది. డబ్బు అడగదు, ఖాతా అడగదు, పాత నోకియా ఫోన్లలో రికార్డు చేసిన ఏఎంఆర్ ఫైళ్ళు కూడా పాడుతుంది. విండోస్ 8 నుంచి ఒక మేలు జరిగింది, మనల్ని అడగకుండా ఒక ప్లేయర్ ఇంకో ప్లేయర్ స్థానం లాక్కోవడం కష్టమైంది. అందుకే ఇప్పుడవి "నన్నే పెట్టుకోండి" అని అడుక్కుంటాయి. వద్దు అనే బటన్ చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడండి.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఏదైనా సైటు "ఈ పాట వినాలంటే ముందు మా ప్లేయర్ దించుకోండి" అంటే దించుకోకండి. వైరస్సులు అలాగే వస్తాయి. ఫైలు పేరు చివర ఎంపీ3 అని ఉండి, ఆ తర్వాత ఈఎక్స్ఈ అని ఉంటే అది పాట కాదు, ప్రోగ్రాము. విండోస్ ఆ చివరి తోకని మామూలుగా దాచిపెడుతుంది. ఫోల్డర్ పైనున్న 'వ్యూ'లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' కి టిక్కు పెడితే కనిపిస్తుంది.

అమ్మ ఫైళ్ళకి నేను తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాను, విండోస్ శుభ్రంగా ఒప్పుకుంటుంది. 'మాగాయ ఒకటి', 'మాగాయ రెండు', 'నాన్న మీద చాడీలు'. పెన్‌డ్రైవులో ఒక నకలు చెల్లికి ఇచ్చాను. మూడోది దానికే ఎక్కువ నచ్చిందట.