నానో మందు కోసం ఆగవద్దు



గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు నానో మందు వచ్చిందటగా అని కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. చుట్టూ ఐటీ కంపెనీలున్న ఖాజాగూడలో ఇలాంటి కబుర్లు త్వరగా పాకుతాయి.

ఆశ మంచిదే. సిస్‌ప్లాటిన్ మందును అతి సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే గడ్డకు ఎక్కువ, మూత్రపిండాలకు తక్కువ చేరుతుందని శాస్త్రజ్ఞుల ప్రయత్నం. నేటికి మాత్రం ఈ జబ్బుకు ఆపరేషన్, లేదా రేడియేషన్‌తోపాటు వారం వారం మామూలు సిస్‌ప్లాటినే ప్రధాన చికిత్స.

నిజానికి నానో మేలు ఒకటి ఇప్పటికే మన చేతిలో ఉంది. అదే హెచ్.పి.వి. టీకా. అందులో వైరస్ ఉండదు. దాని పైపొర ప్రోటీన్‌తో కట్టిన, సుమారు 50 నానోమీటర్ల ఖాళీ డొల్ల ఉంటుంది, అంతే. కనుక టీకా వల్ల జబ్బు రాదు. 9-14 ఏండ్ల ఆడపిల్లలకు ఒకటి లేక రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది.

తల్లులకు కావలసింది పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 30-59 ఏండ్ల స్త్రీలకు ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేస్తేనే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

కానీ మన అక్కచెల్లెళ్లు దుర్వాసనతో తెల్లబట్ట అయినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడినా ఎవరికీ చెప్పరు. సువార్తలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కూడా జనంలో వెనుకనుండే వచ్చింది. సిగ్గు అంత బలమైనది. నయం కాని దశలోని క్యాన్సర్ రోగులకు ఉచితంగా సేవచేసే స్పర్శ్ హాస్పిస్ మన ఖాజాగూడలోనే ఉంది. వారి సేవ గొప్పది. అయినా, ముందే కనిపెట్టగల ఈ జబ్బుతో మన ఇంటి స్త్రీ అక్కడిదాకా వెళ్లవలసిన పని లేదు.

అన్నలారా, మీ భార్యను పరీక్షకు మీరే వెంటబెట్టుకొని రండి.